కొసరు మాట

తెర మీద ఆమె ఫోటో వేశారు.

మేడ్చల్‌లో ఒక ఫంక్షన్ హాలు అది. ఆడవాళ్ళకు సొంత వ్యాపారం నేర్పే సంస్థ ఒకటి ఆ సభ పెట్టింది. నేను ముందు వరసలో కూర్చున్నాను. వాళ్ళ దగ్గర శిక్షణ తీసుకుని బాగుపడినదాన్ని కాబట్టి శాలువా కప్పుతామని పిలిచారు. లైట్లు తీసేశారు. తెర మీద ఒక తోపుడుబండి, బండి వెనక చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కున్న ఆడమనిషి, చేతిలో పైకెత్తిన గంటె. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఎవరో చెబుతున్న మాటను అందుకోబోతున్నట్టు.

ఆమె పోయి అప్పటికి మూడు వారాలు.

ఫోటో కింద పెద్ద అక్షరాలు. "ఒక సాధారణ మహిళ. నాలుగు భాషలు. కొత్త భాష కొత్త వ్యాపారులకు నేర్పే పాఠాలు." కూడబలుక్కుని చదివాను. నాకు చదవడం వచ్చింది నలభై ఆరేళ్ళకు. వచ్చినప్పటి నుంచి బస్సు బోర్డులు, మందుల చీటీలు, గోడ మీద రాతలు ఏవీ వదలకుండా చదువుతాను. ఆ రోజు మాత్రం రాకుండా ఉంటే బాగుండేదనిపించింది.

మాకు శిక్షణ ఇచ్చిన సార్ మైకు పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ మాట్లాడుతున్నాడు.

"మొదటి పాఠం ఏంటమ్మా? తప్పులకు భయపడకూడదు. ఈ అమ్మను చూడండి. నలుగురిలో తప్పు మాట్లాడినా సిగ్గుపడలేదు. భాష నేర్చుకునేవాళ్ళకీ, వ్యాపారం మొదలుపెట్టేవాళ్ళకీ ఉండాల్సిన లక్షణం అదే."

ఆడవాళ్ళందరూ తలలు ఊపారు. కొందరు పుస్తకాల్లో రాసుకున్నారు.

నాలుగేళ్ళ కిందట ఇదే హాల్లో, ఇదే స్టేజీ మీద నుంచి ఆమెను "చాల్లెండమ్మా, దిగండి" అన్నది ఈయనే.

ఆమె పేరు నేనిక్కడ రాయను. మరిచిపోయి కాదు, కోపంతోనే రాయడం లేదు. మేమందరం అక్క అనేవాళ్ళం. ఇక్కడా అక్క అనే అంటాను.

దూలపల్లిలో ఫ్యాక్టరీల షెడ్లన్నీ ఒకే ప్రహరీ లోపల ఉన్న చోటు ఒకటుంది. గేటు బయట, కాలువ పక్కన అక్క బండి ఉండేది. బువ్వ, పప్పు, ఆలుగడ్డ కూర, మిరపకాయ. లోపల పని చేసేవాళ్ళు ఎక్కువమంది ఒడిశా వాళ్ళు, తర్వాత బీహారు వాళ్ళు. మన వాళ్ళు సూపర్‌వైజర్లు, వాచ్‌మన్లు. నేను ఇంటి దగ్గర జొన్నరొట్టెలు చేసి కొంపల్లి అపార్ట్‌మెంట్లకు ఇచ్చేదాన్ని. దారిలో అక్క బండి దగ్గర ఒక గంప దించి పోయేదాన్ని. అలా పరిచయం.

మొదటిరోజు చూసింది నాకిప్పటికీ గుర్తుంది. ఒకతను తిని, డబ్బులిచ్చి, చేతులు తుడుచుకుంటూ పోబోయాడు. అక్క గంటెతో బగోనె అంచు మీద రెండుసార్లు కొట్టింది.

"ఏయ్. కొసరు?"

నాకు నవ్వొచ్చింది. కొసరు కొనేవాళ్ళు అడుగుతారు. కూరగాయలు తూచాక రెండు మిరపకాయలు వెయ్యమంటారు. అమ్మేవాళ్ళు అడగడం నేనెక్కడా చూడలేదు. అతను మాత్రం ఆగి, ఆలోచించి, ఏదో ఒక మాట అన్నాడు. అక్క గంటె గాలిలోనే ఆపి ఆ మాటను మూడుసార్లు అంది. మూడోసారికి అతను పగలబడి నవ్వాడు. నవ్వి, మళ్ళీ సరిగ్గా చెప్పాడు. నాలుగోసారి ఆమె అన్నది నచ్చినట్టుంది, తల ఊపి పోయాడు.

"గదేందక్కా?" అని అడిగాను.

"కొసరు మాట. బువ్వ నేనేసిన, పైసలు ఆడిచ్చిండు. అది బరాబర్ అయింది. పైనుంచి ఒక మాట ఇచ్చిపోవాలె. ఊకెనే ఏం ఇస్తలేడు గద, ఆని బాసలనే ఆనికి బువ్వ పెడ్తున్న."

"నవ్విండు గదనే నిన్ను."

"నవ్వనీ. నవ్వినోడు మాట సెప్పిపోవాలె, గదే నా లెక్క. నవ్వకుండ బాగున్నదన్నోడు ఉంటడు సూడు, ఆడు దొంగ. నేను తప్పు మాట్లాడిన్నని తెల్సి గూడ ఊకున్నట్టు."

ఆమె లెక్కలన్నీ ఇలాగే ఉండేవి. ఎవరైనా జాలిగా మాట్లాడితే మధ్యలోనే ఆపేసేది. "ఈ వయసుల ఏం కష్టమమ్మా నీకు" అని ఒక సూపర్‌వైజర్ అంటే, "నీకేం కష్టమొచ్చిందో జెప్పు ముందుగల, ఇంటా" అంది. చొక్కా ఎందుకంటే జేబు కోసం. జేబులో ఉప్పు పొట్లం ఉండేది. ఎవరి ప్లేటులో ఎంత ఉప్పు పడాలో ఆమెకు తెలుసు.

ఆమె ఒడియా ఎలా మొదలైందో ఒకసారి చెప్పింది. బండి పెట్టిన కొత్తలో ఒడిశా వాళ్ళు తింటూ "బఢియా, బఢియా" అనేవారట. బాగుందని అర్థమని ఎవరో చెప్పారు. ఆమె పొంగిపోయింది. ఒకరోజు ఇద్దరు లోడింగ్ వాళ్ళు తిని, చేతులు కడుక్కుని, గేటు వైపు పోతూ తమలో తాము ఒక మాట అనుకున్నారు. ముఖాలు మాత్రం బఢియా అన్నప్పటిలా లేవు.

"పేట పూరిలా నాహి. గీ మాట. నాకు తెల్వదు దాని మతలబేందో. ఇంటికాడ బోళ్ళు తోముకుంట అదే, బట్టలు పిండుకుంట అదే. మర్సిపోతనేమో అని భయం. తెల్లారి ఒకణ్ణి అడిగితే తల దించుకుండు. ఇంకొకడు పని ఉందని ఉరికిండు. మూడోవాడు, పెద్దమనిషి, హిందీల జెప్పిండు. కడుపు నిండలే అనంట."

చెబుతూ గంటె బండి మీద పడేసింది, అప్పుడే జరిగినట్టు.

"నా మొఖం మీద బఢియా అనుడు, గేటు దాటంగనే కడుపు నిండలే అనుడు. నాకు ఆళ్ళ మీద గాదు చెల్లె కోపం. నా మీద. బాగుంది అన్న మాట నేర్సుకొని మురిసిన. ఆ మాట నేర్సుకునుడెందుకు, అది మొఖం మీదనే కనవడ్తది. బాగలేదన్న మాటనే నేర్సుకోవాలె ముందుగల. అది మనిషి నోట్ల దాసుకుంటడు. పరాయి ఊర్ల ఉన్నోడైతె ఇంకింత లోపల దాసుకుంటడు."

ఆ తర్వాత ఆమె కూరలు తగ్గించి బువ్వ గంటె పెద్దది చేసింది. పప్పు పల్చగా చేసింది. ఎండాకాలంలో వాళ్ళు పఖాళ తింటారని కొసరు మాటల్లోనే తెలిసింది. మన సద్దన్నం లాంటిది. కుండలో అన్నం, నీళ్ళు పోసి పులియబెట్టి, పక్కన కాల్చిన ఆలుగడ్డ పెట్టి అమ్మితే గేటు ముందు వరస కట్టారు. పక్క బండ్ల వాళ్ళు ఎగతాళి చేశారు, పాచిన బువ్వ అమ్ముతోందని. ఆమె పట్టించుకోలేదు. ఉప్పు తక్కువైంది, కారం ఎక్కువైంది, నిన్నటిది పెట్టినవా, వాడికెక్కువ వేసి నాకు తక్కువ వేసినవ్, ఈ మాటలన్నీ ఆమెకు మూడు పరాయి భాషల్లో, ఒడియాలో, హిందీలో, బీహారు వాళ్ళ భాషలో వచ్చు. పొగడ్త ఒక్క భాషలోనూ రాదు.

వ్యాపారం గురించి నేను విన్నవాటిలో పనికొచ్చింది ఈ ఒక్కటే. ఆ సార్ చెప్పిన పాఠాల్లో ఇది లేదు.

అక్షరాల సంగతికి వస్తాను. మా చర్చి వెనక గదిలో ఒక సిస్టర్ సాయంత్రాలు పెద్దవాళ్ళకు చదువు చెప్పేది. నేను సిగ్గుపడుతూ చేరాను. సంగతి అక్కకు తెలిసింది.

"ఏందే, పలక పట్కొని పోతున్నవంట. ఏమన్న నౌకరీ జేస్తవా?"

"రొట్టెల పాకెట్ మీద పేరు రాయమంటున్రక్కా అపార్ట్‌మెంటోళ్ళు."

"అయితె నేర్సుకో. నాకైతె చెవులు సాలు."

ఎగతాళి అంతటితో ఆగిందనుకున్నాను. తెల్లారి గంప దించబోతే గంటె అడ్డం పెట్టింది. బియ్యం సంచి చూపించింది. "గీడ ఏం రాసిండ్రో సదువు. సదివినంకనే గంప దించు."

తలమీద గంపతో నిలబడి ఒక్కో అక్షరం చదివాను. ప్లేటు పట్టుకున్నవాళ్ళందరూ చూస్తున్నారు. ఆ తర్వాత రోజూ అంతే. ఒకరోజు సంచి, ఒకరోజు నూనె డబ్బా, ఒకరోజు గేటు మీద బోర్డు. ఆమెకు ఒక్క అక్షరం రాదు. అయినా నేను తప్పు చదివిన ప్రతిసారీ పట్టుకునేది.

"అనుమానంగ సదివినవ్. మల్ల సదువు."

"నీకెట్ల తెలుసక్కా?"

"నీ మెడ సూస్తె తెలుస్తలేదా. నిజం సదివితె గంప కదలదు."

సిస్టర్ నాకు అక్షరాలు చూపించింది. వాటిని నలుగురిలో నిలబడి చదవడం అక్క నేర్పింది. నాకు చదువు చెప్పినవాళ్ళు ఇద్దరు. ఒకామెకు క్రిస్మస్‌కు చీర పెట్టాను. రెండో ఆమెకు ఏం చేశానో ఇప్పుడు చెబుతాను.

షెడ్ల ఓనర్లు ప్రహరీ లోపల రేకులు వేసి తిండి స్టాలు ఒకటి కట్టించారు. శిక్షణ తీసుకున్న ఆడవాళ్ళలో ఒకరికి ఇస్తామని, ఎవరికో ఆ సంస్థే తేలుస్తుందని చెప్పారు. పది రోజుల శిక్షణ. ఆఖరి రోజు స్టేజీ ఎక్కి ఐదు నిమిషాలు మాట్లాడాలి. అక్క పేరిచ్చింది. నేనూ ఇచ్చాను.

ఆమెకు ఆ స్టాలు ఎందుకు కావాలో నాకు తెలుసు. అప్పటికే మోకాళ్ళు పట్టేశాయి. రోజూ పొద్దున ఎత్తు మీదికి బండి తోసుకుని, తర్వాత అరకిలోమీటరు పోయి నీళ్ళ డబ్బాలు మోసుకొచ్చేది.

"నల్లా ఉన్నదంట చెల్లె లోపట," అనేది. రేకుల గురించి, ఫ్యాను గురించి ఒక్కసారి కూడా అనలేదు. "తిప్పితె నీళ్ళొస్తయంట."

శిక్షణలో మాకు వ్యాపారం గురించి చెప్పింది తక్కువ, నిలబడటం గురించి చెప్పింది ఎక్కువ. చేతులెలా పెట్టాలి, ఎటు చూడాలి. ఆఖర్న ఇంగ్లీషులో నాలుగు ముక్కలు బట్టీ పట్టమన్నారు. గుడ్ మార్నింగ్, మై నేమ్, ఐ యామ్ ఏన్ ఆంట్రప్రెన్యూర్. ఆ మాట మాత్రం అందరూ అనాల్సిందేనట.

అక్క చెయ్యెత్తింది. "సారూ, నా తాన తినేటోళ్ళల్ల ఇంగిలీషోడు ఒక్కడు లేడు. ఈ మాట ఎవరితోని మాట్లాడాలె నేను?"

"సెలెక్షన్ చేసేవాళ్ళతో అమ్మా."

"ఆళ్ళు నా తాన తింటరా?"

ఎవరో కిసుక్కుమన్నారు. సార్ ముఖం మాడ్చుకున్నాడు. "ఎదగాలంటే కొత్త భాష నేర్చుకోవాలమ్మా. అదే మీ ప్రాబ్లం" అన్నాడు. మూడు పరాయి భాషలు నేర్చుకున్న మనిషితో అన్నాడు ఆ మాట. నేను పక్కనే ఉన్నాను.

నేను ఆ ముక్కల్ని తెలుగు అక్షరాల్లో కాగితం మీద రాసుకున్నాను. అక్కకు నోటితో చెప్పి నేర్పాను. నాలుగు రోజులు, బండి దగ్గరే. ఆమె గంటె ఎత్తి మూడేసి సార్లు అనేది. వచ్చేసింది కూడా.

ఆఖరి రోజు ఆమె నాకంటే ముందు ఎక్కింది. చొక్కా లేకుండా ఆమెను అప్పుడే చూశాను. ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్న చీర కట్టుకుంది. చేతిలో గంటె లేక చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గుడ్ మార్నింగ్ అంది. పేరు చెప్పింది. ఐ యామ్ ఏన్, అని ఆగిపోయింది.

ముందు వరసలో ఎంపిక చేసేవాళ్ళు నలుగురు. ఆమె వాళ్ళ వైపు చెయ్యి చాపింది. బండి దగ్గర చాపినట్టే.

"మర్సిన సారూ. ఒక మాట కొసరు ఇయ్యుండ్రి, అందుకుంట."

వాళ్ళు నవ్వారు. హాలంతా నవ్వింది.

ఆమె కంగారు పడలేదు. అది నేను చూశాను. నవ్వినవాళ్ళు మాట చెప్పిపోవాలి కదా. ఆమె లెక్క ప్రకారం అది మంచి నవ్వే. చెయ్యి అలాగే చాపి, నోరు కొంచెం తెరిచి, మాట కోసం నిలబడింది. ఎంతసేపో నిలబడింది. నవ్విన వాళ్ళలో ఒక్కరూ మాట ఇవ్వలేదు.

ఆ మాట నా చేతిలో ఉంది. కాగితం మీద, నా రాతలో, పెద్ద పెద్ద అక్షరాల్లో. మెట్ల దగ్గర నిలబడ్డాను, ఆమెకు నాలుగడుగుల దూరంలో. ఒక్క మాట అందిస్తే చాలు. నేనూ నవ్వాను. అందరితోపాటు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. నేను చదువుకున్నవాళ్ళలో దాన్నని ఆ నలుగురికి తెలియాలని నవ్వాను. దీనికి ఇంకే కారణమూ లేదు. వెతికినా దొరకలేదు.

ఆమె తల తిప్పి నన్ను చూసింది. చెయ్యి దించేసింది. సార్ "చాల్లెండమ్మా, దిగండి" అన్నాడు.

తర్వాత నేనెక్కి కాగితం చూసి చదివాను. గంప లేకపోయినా మెడ కదలకుండా చదివాను. స్టాలు నాకొచ్చింది.

స్టాలు తెరిచిన వారానికి గేటు బయట బండ్లు తీసేయించారు. లోపల తిండి దొరుకుతుంటే బయట చెత్త ఎందుకన్నారు. అక్క బండి తోసుకుని పోతుంటే నేను నల్లా కింద గిన్నె పెట్టి ఉన్నాను. గేటు ఊచల్లోంచి చూస్తే ఆమె కూడా చూసింది. తిడుతుందనుకున్నాను. "నీళ్ళు జోరుగొస్తున్నయా?" అని అడిగింది. వస్తున్నాయన్నాను. సరే అని తల ఊపి పోయింది.

అప్పుడు తిట్టి ఉంటే ఈ పాటికి నేను మరిచిపోయేదాన్నేమో.

చాలా రోజులు ఆమె ఎక్కడుందో నేను అడగలేదు. గండిమైసమ్మ చౌరస్తాకు కొంచెం అవతల, కట్టడాల దగ్గర పెట్టుకుందని వాచ్‌మన్ చెప్పాడు. పోయినేడు శామీర్‌పేటలో మా చెల్లెలింటికి పోయి వస్తూ కావాలనే అటు తిరిగి పోయాను. అదే చొక్కా. బండి ఇంకొకరు తోసిపెడుతున్నారు. ఆమె స్టూలు మీద కూర్చుని వడ్డిస్తోంది. అక్కడ ఛత్తీస్‌గఢ్ వాళ్ళు పని చేస్తున్నారు. కొత్త మాటలు నోట్లో పెట్టుకుని నములుతోంది.

నన్ను చూసి ప్లేటు తీసింది. బువ్వ వేసింది. నేను వద్దన్నా వినలేదు.

"మంచిగ నడుస్తుందా?"

"నడుస్తుందక్కా."

"ఏం మాటలు నేర్సినవ్?"

నాకు అర్థం కాలేదు.

"మూడేండ్లాయె గద. ఒడిశా వాళ్ళే గద నీ తాన. ఏం మాటలొచ్చినయ్?"

"బోర్డు పెట్టినమక్కా. బొమ్మలుంటయ్, నెంబర్లుంటయ్. ఆళ్ళు వేలు పెట్టి చూపిస్తరు, నేనేస్త. మాట్లాడే పని పడదు."

ఆ బోర్డు సార్ చెప్పిందే. పని జల్దీ అవుతుందని, భాషతో ఇబ్బంది ఉండదని. నాకు దాని మీద గర్వంగా కూడా ఉండేది, కింద పేర్లు నేనే రాశాను.

అక్క బగోనె అంచు మీద గంటె కొట్టలేదు. మెల్లగా పెట్టింది.

"వేలు వెట్టి సూపిచ్చేటోడు, కడుపు నిండలేదని ఎట్ల సూపిస్తడే?"

నేను తల వంచుకుని తిన్నాను. లేచి చేతులు కడుక్కున్నాను. ఆమె నన్ను కొసరు అడుగుతుందని చూశాను. అడగలేదు. ఆ మాట, ఆ ఇంగ్లీషు మాట, నేను ఇవ్వకుండా దాచుకున్నది, ఆ రోజైనా ఇవ్వాల్సింది. తప్పైందని అనాల్సింది. బస్సు వచ్చింది, ఎక్కేశాను.

సభకు మూడు వారాల ముందు వాచ్‌మనే చెప్పాడు, పోయిందని. నేను పోయేటప్పటికి అన్నీ అయిపోయాయి.

ఇప్పుడు మళ్ళీ ఆ హాలుకు వస్తాను. సార్ మూడో పాఠం చెబుతున్నాడు. కస్టమర్ భాషలో మాట్లాడాలట. ఆ ఫోటో ఎప్పుడు తీశాడో తెలియదు. శిక్షణ రోజుల్లో మా వ్యాపారాలు చూడటానికి ఒకసారి వచ్చారు, అప్పుడై ఉంటుంది. దించిపారేసిన మనిషి ఫోటో నాలుగేళ్ళు దాచుకుని, పాఠం చేసుకున్నాడు. ఆమె పోయిందని ఆయనకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. చెమట ఆమెది, మాట ఆయనది.

నా పేరు పిలిచారు. శాలువా కప్పారు. మైకు ఇస్తూ సార్ నా చెవి దగ్గర, "రెండు నిమిషాలు చాలమ్మా, మోటివేషనల్‌గా" అన్నాడు.

"ఈ ఫోటోల ఉన్నామెను నేనెరుగుదును," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నాకు సదువు నేర్పిన మనిషి. నాలుగేండ్ల కింద గిదే స్టేజీ మీద నిలవడ్డది. ఒక మాట మర్సిపోయి, జెప్పుండ్రని అడిగింది. గీ సారు నవ్విండు. కుర్సీల కూసున్నోళ్ళు నవ్విండ్రు. మాట నా చేతుల ఉండె. నేను గూడ నవ్విన. స్టాలు నాకిచ్చిండ్రు. ఆమెను గేటు కాడికెల్లి ఎల్లగొట్టిండ్రు. ఆమె సచ్చిపోయింది. గిప్పుడు తప్పులకు భయపడొద్దని ఆమె బొమ్మ వెట్టి మీకు జెప్తున్రు. తప్పు ఆమెది గాదు. నవ్వి మాట ఇయ్యనోళ్ళది తప్పు."

మైకు బల్ల మీద పెట్టేశాను. ఎవరైనా లేచి సార్‌ను అడుగుతారనుకున్నాను.

చప్పట్లు కొట్టారు.

వెనక వరసల నుంచి మొదలై ముందుకొచ్చాయి. కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు. సార్ కూడా కొడుతున్నాడు, అందరికంటే గట్టిగా.

"చూశారా. ఫెయిల్యూర్‌ని కూడా ఎంత ధైర్యంగా షేర్ చేశారో. ఇదీ ఎమోషన్ అంటే." తర్వాత నా వైపు వంగి మెల్లగా, "ఆమె పేరేంటమ్మా? స్లైడ్‌లో యాడ్ చేద్దాం. నివాళిలాగా" అన్నాడు.

"నాకు తెల్వదు," అన్నాను. శాలువా కుర్చీ మీద వదిలేసి బయటికొచ్చాను.

తెల్లారి స్టాలు తెరిచాను. బొమ్మల బోర్డు తీసి గోడ వైపు తిప్పి పెట్టాను. పగలు పన్నెండున్నరకు షెడ్ల నుంచి జనం వచ్చారు. లోడింగ్ పని చేసే ఒకతను, మీసం నెరిసినవాడు, స్టాలు తెరిచిన నాటి నుంచీ నా దగ్గరే తింటాడు. బోర్డు ఉండే చోటికి అలవాటుగా వేలు చూపించి, అక్కడ ఖాళీగా ఉంటే బిత్తరపోయాడు. నేను ఎప్పటిలాగే రెండో నెంబరు ప్లేటు వేసి ఇచ్చాను. తిన్నాడు. చేతులు కడుక్కున్నాడు.

గంటెతో గిన్నె అంచు మీద రెండుసార్లు కొట్టాను. చప్పుడు ఆమెది వచ్చినట్టు రాలేదు.

నాకొచ్చిన హిందీలో అడిగాను. మీ భాషలో ఒక మాట ఇచ్చిపో అన్నాను.

అతను నన్ను, పక్కవాళ్ళను చూశాడు. నవ్వుతూ, "బఢియా" అన్నాడు.

"అది కాదు. ఇక్కడ తిని, ఆ గేటు దాటాక మీలో మీరు ఏమనుకుంటారో, అది."

నవ్వు పోయింది. తల దించుకున్నాడు. పక్కనున్నవాడు పని ఉందన్నట్టు కదిలాడు. నేను గంటె దించలేదు. అలాగే నిలబడ్డాను, ఎంతసేపైనా సరేనని.

"పేట పూరిలా నాహి," అన్నాడు, నేల చూస్తూ.

తర్వాత దాని అర్థం హిందీలో చెప్పబోయాడు. అక్కర్లేదని చెయ్యి అడ్డం పెట్టాను. ఎప్పటి నుంచి అని మాత్రం అడిగాను.

స్టాలు తెరిచినప్పటి నుంచి, అన్నాడు.